శ్రీలంక వెళ్తున్నారా? ముందు వాన ఎటువైపో చూడండి

శ్రీలంకలో దిగిన మొదటి అరగంటలో ఎవరికైనా ఒక భ్రమ కలుగుతుంది, ఇది మన ఊరేనని. అరటి గెలలు వేలాడదీసిన బడ్డీ కొట్లు, బజాజ్ ఆటోలు, రోడ్డుకు ఎడమ పక్కన నడిచే బళ్ళు కనిపిస్తాయి. గడియారం కూడా మార్చక్కర్లేదు, మన టైమే వాళ్ళ టైము. నేను అక్కడ పడ్డ అవస్థలన్నీ ఆ భ్రమలోంచే పుట్టాయి. యూరప్ వెళ్ళాలంటే మూడు నెలల ముందు నుంచి జాబితాలు రాసుకుంటాం. శ్రీలంక అనేసరికి "చెన్నై నుంచి గంటన్నరే కదా" అని చేతులూపుకుంటూ బయల్దేరతాం. ఒకసారి అలా వెళ్ళి బుద్ధొచ్చాక, రెండోసారి ఏం చేశామో వరసగా చెబుతాను.

మొదటి పని: నెల చూసి తీరం ఎంచుకోండి

హోటళ్ళు, టికెట్లు తర్వాత. ముందు ఏ నెలలో వెళ్తున్నారో చూడండి. అంత చిన్న ద్వీపానికి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కొలంబోనీ, గాలేనీ, దక్షిణ తీరాన్నీ, కొండల పడమటి వాలునూ తడుపుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలి ట్రింకోమలీ, బట్టికలోవా, జాఫ్నా వైపు కొడుతుంది. మధ్యలో ఉన్న కొండలు గోడలా అడ్డం నిలబడతాయి కాబట్టి ఒకపక్క కుండపోత అయితే రెండో పక్క ఎండ కాస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఏ పక్కకు వెళ్ళినా తడవాల్సిందే. తుపానుల కాలం కూడా అదే.

దీన్ని మన సెలవులతో కలిపి చూసుకోండి. పిల్లల వేసవి సెలవుల్లో వెళ్తే తూర్పు తీరం మీది: ట్రింకోమలీ, దగ్గర్లోని నీలావెళి, పాసికుడా. అప్పుడు సముద్రం చెరువులా ఉంటుంది. క్రిస్మస్, సంక్రాంతి సెలవులకైతే దక్షిణం, పడమర: గాలే, ఉనవటున, మిరిస్స. దసరా సెలవులకు మాత్రం నేను వెళ్ళమనను.

మన వాళ్ళు చాలామంది వెళ్ళేది శాంకరీ దేవి కోసం. అష్టాదశ శక్తిపీఠ స్తోత్రంలో మొట్టమొదటి మాటే "లంకాయాం శాంకరీ దేవి" కదా. ఆ గుడి ట్రింకోమలీలో, సముద్రం పైకి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున, కోనేశ్వరస్వామి గుడి పక్కనే ఉంది. పాత కోనేశ్వరాన్ని పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. డిసెంబరులో సెలవు దొరికిందని ఆ మొక్కు పెట్టుకుంటే కొండ మీద గాలి గొడుగును తిరగేస్తుంది. మేము చేసింది అదే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్ళండి, అమ్మవారితో పాటు సముద్రం కూడా కనిపిస్తుంది.

రెండో పని: కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

మ్యాపులో దేశమంతా అరచేతిలో పట్టేట్టు ఉంటుంది. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లే, కానీ రోడ్డు మీద మూడు గంటలు హాయిగా పడుతుంది, సాయంత్రమైతే నాలుగు. క్యాండీ నుంచి నువర ఎలియ 75 కిలోమీటర్లు, మలుపులతో రెండున్నర గంటలు. ఎక్స్‌ప్రెస్‌వేలు ఉన్నచోట తప్ప గంటకు 35, 40 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకండి.

రామాయణ యాత్రల ప్యాకేజీల్లో ఐదు రోజుల్లో మున్నేశ్వరం, ట్రింకోమలీ, క్యాండీ, సీత ఎలియ, కదిర్గామం, కొలంబో అని రాసి ఉంటాయి. అందులో సగం రోజులు మీరు వ్యాను కిటికీలోంచి చూసేవే. వారం రోజులుంటే మూడు ఊళ్ళలో బస చేయండి, నాలుగుకు మించొద్దు. వేసవికి నా వరస ఇది: విమానం దిగిన రాత్రి నెగొంబో, తర్వాత సిగిరియ (పెద్ద రాతి కొండ మీది పాత కోట) దగ్గర రెండు రాత్రులు, ట్రింకోమలీలో రెండు, క్యాండీలో ఒకటి, చివరి రాత్రి మళ్ళీ నెగొంబో. జనవరికైతే సిగిరియ, ట్రింకోమలీ తీసేసి కొండల్లోని ఎల్లా, గాలే పెట్టుకోండి.

విమానాశ్రయం కొలంబోలో లేదు. ఊరికి ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల పైన కటునాయకలో ఉంది. నెగొంబో దానికి చాలా దగ్గర. అర్ధరాత్రి దిగి కొలంబో దాకా పోవడం అనవసరం.

మూడో పని: కాగితాలు, డబ్బు, ఫోను

ఇది త్వరగా ముగిద్దాం. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువుండాలి. వీసా నిబంధనలు ఈ కొన్నేళ్ళలో చాలాసార్లు మారాయి కాబట్టి టికెట్ కొనే రోజున శ్రీలంక ఇమ్మిగ్రేషన్ శాఖ అధికారిక వెబ్‌సైటులోనే చూసుకోండి. గూగుల్‌లో వెతికితే దానిలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ముందొస్తాయి, ఎక్కువ డబ్బు లాగుతాయి.

మన దేశం నుంచి బయటికి 25,000 రూపాయలకు మించి మన నోట్లు తీసుకెళ్ళకూడదు. కొంత డాలర్లుగా పట్టుకెళ్ళి, విమానాశ్రయంలో బయటికొచ్చే దారిలో ఉన్న బ్యాంకు కౌంటర్లలో మార్చుకోండి. మన రూపాయికి వాళ్ళవి మూడు పైచిలుకు వస్తాయి, దానితో మొదటి రోజు అందరం కోటీశ్వరుల్లా ఫీలవుతాం. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ కూడా మొదలైంది, లంకా క్యూఆర్ బోర్డున్న షాపుల్లో ప్రయత్నించండి. కొబ్బరి బోండాం బండి దగ్గర మాత్రం చిల్లర నోట్లే కావాలి. రెస్టారెంటు మెనూలో ఉన్న ధర చూసి లెక్క వేయకండి. చాలాచోట్ల దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 18 శాతం వ్యాట్ పడతాయి.

సిమ్ కార్డు విమానాశ్రయంలోనే దొరుకుతుంది, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. డైలాగ్ లేదా మొబిటెల్ తీసుకోండి.

నాలుగో పని: రైలు ముందే బుక్ చేయండి, బస్సులో ముందు సీటు వదిలేయండి

క్యాండీ నుంచి ఎల్లా వెళ్ళే కొండ రైలు కోసమే చాలామంది ఈ దేశానికి వస్తారు. ఆరేడు గంటల ప్రయాణం. హట్టన్ దాటాక రెండు పక్కలా టీ తోటలు, మధ్యలో నానుఓయ (నువర ఎలియకు దిగేది ఇక్కడే), ఆ తర్వాత మబ్బులో మునిగి ఉండే పట్టిపొల. రిజర్వేషన్ నెల రోజుల ముందు తెరుచుకుంటుంది, సీజన్లో వెంటనే అయిపోతుంది. దొరక్కపోతే దిగులుపడకండి. రిజర్వేషన్ లేని రెండో తరగతి టికెట్ అప్పటికప్పుడు కౌంటర్లో ఇస్తారు. అందులో సీటుకు హామీ లేదు, కిటికీలు మాత్రం తెరుచుకుంటాయి. ఏసీ పెట్టెలో అద్దాలు మూసి ఉంటాయి. ఆ చలిగాలి, టీ ఆకు వాసన లేకుండా ఆ రైలెక్కడమెందుకో నాకర్థం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు కొండచరియలు విరిగిపడి ఈ లైను చాలాచోట్ల దెబ్బతింది. మీరు వెళ్ళే వారం ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా రైళ్ళు నడుస్తున్నాయో హోటల్ వాళ్ళను ముందే అడిగి, అప్పుడే ప్లాను ఖాయం చేసుకోండి. తలుపు కడ్డీ పట్టుకుని బయటికి వాలి ఫొటోలు దిగే పిచ్చి ఒకటి ఉంది. సొరంగాలు, కొండ రాళ్ళు చెప్పి రావు, ప్రాణాలు పోయిన వాళ్ళున్నారు.

బస్సులు రెండు రకాలు: ఎర్రవి ప్రభుత్వానివి, రంగురంగులవి ప్రైవేటువి. ప్రైవేటు బస్సు డ్రైవర్లను చూస్తే మన మినీ బస్సుల వాళ్ళు సాధువుల్లా అనిపిస్తారు. ఎక్కగానే డ్రైవరు వెనక ఖాళీగా ఉన్న మొదటి సీట్లో కూర్చోకండి, అది బౌద్ధ భిక్షువులకు కేటాయించిన సీటు. కాషాయం కట్టిన స్వామి ఎక్కితే లేవాలి. దిగాల్సిన చోట "బహినవా" అని గట్టిగా అనండి.

ఆటోను అక్కడ త్రీవీలర్ అంటారు, టుక్‌టుక్ అన్నా తెలుస్తుంది. పిక్‌మీ అనే యాప్ మన ఫోనులో వేసుకుంటే పట్టణాల్లో బేరం గొడవ ఉండదు. అది అందని ఊళ్ళలో ఎక్కకముందే ధర మాట్లాడుకోండి. స్కూటీ అద్దెకు తీసుకుని తిరుగుదామనుకుంటే, మన లైసెన్సు ఒక్కటే అక్కడ చెల్లదు. అంతర్జాతీయ పర్మిట్టు, దాని మీద అక్కడి అనుమతి కావాలి. షాపు వాడు అడగడు. దెబ్బ తగిలాక ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు.

ఐదో పని: తినేముందు ఒక మాట నేర్చుకోండి

ఆ మాట "ఉంబలకడ".

మా అత్తయ్య పూర్తి శాకాహారి. క్యాండీ దారిలో ఒక చిన్న హోటల్ దగ్గర ఆగాం. (అక్కడ కూడా తిండి దొరికే చోటుకి హోటల్ అనే బోర్డు ఉంటుంది, అదీ మనలాగే.) మట్టి చట్టుల్లో వరసగా కూరలు: పసుపుపచ్చటి పప్పు, దాన్ని పరిప్పు అంటారు, బీట్‌రూట్, పనస ముక్కలు, పచ్చి ఆకుకూరతో కొబ్బరి తురుము, ఎర్రగా మెరిసే పొల్ సంబోల్. పొల్ సంబోల్ అంటే కొబ్బరి తురుము, ఎండుమిరప, చిన్న ఉల్లి, నిమ్మరసం కలిపి దంచింది, మన కొబ్బరి పచ్చడికి తాలింపు లేని చెల్లెలనుకోండి. "చేప లేదు కదా?" అని ఇంగ్లీషులో అడిగాను. లేదంది హోటలావిడ. అత్తయ్య రెండోసారి కూడా వేయించుకున్నారు. మూడో ముద్దలో వేలికి గట్టిగా, గోధుమ రంగులో, చెక్కపేడులా ఏదో తగిలింది. "ఇదేంటమ్మాయ్, అల్లం ముక్కా?"

అది ఎండబెట్టిన ట్యూనా చేప పొడి. మాల్దీవుల పద్ధతిలో ఉడకబెట్టి, పొగబెట్టి, రాయిలా ఎండించి తురుముతారు. దాన్ని వాళ్ళు చేపగా లెక్కపెట్టరు, మనం ఇంగువ వేసుకున్నట్టు వేసుకుంటారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు పాపం. "నంగీ, అది కూర కాదు కదా, రుచికి" అంది నొచ్చుకుంటూ. నంగి అంటే చెల్లెలు. అత్తయ్య ఆ రోజంతా అరటిపళ్ళ మీద ఉన్నారు.

కాబట్టి శాకాహారులు ఇలా చేయండి. "మస్ మాళు ఎపా" అంటే మాంసం, చేప వద్దని. దాని వెంటనే "ఉంబలకడ ఎపా" అని విడిగా అనండి. బీన్స్ కూరలో, ఆకుకూర వేపుడులో కూడా అది తగలొచ్చు. జాఫ్నాలో, ట్రింకోమలీలో, కొలంబోలోని వెళ్ళవత్తలో తమిళుల హోటళ్ళున్నాయి, అక్కడ "సైవం" అన్న బోర్డు చూసి నిశ్చింతగా కూర్చోండి. రోడ్డు పక్క అద్దాల పెట్టెలో మూడు మూలల రొట్టెలు కనిపిస్తే "ఎళవళు" అంటేనే కూరగాయలది. కొత్తు రొట్టె సంగతి వేరు. రెండు ఇనుప రేకులతో పెనం మీద టకటకా తరిగే ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపిస్తుంది, కానీ ఆ పెనం మీదే కోడీ గుడ్డూ కూడా వేగుతాయి.

తినేవాళ్ళకు, తాగేవాళ్ళకు మాత్రం పండగే. నారింజ రంగు బోండాం పేరు తంబిలి. వెలగపండు రసం ఇక్కడ వినాయక చవితి కోసం ఎదురు చూడక్కర్లేదు, దివుల్ అని అడిగితే గ్లాసులో పోసిస్తారు. గొటుకొల అని పచ్చి ఆకు పచ్చడి పెడతారు, అది మన సరస్వతి ఆకే. అన్నిటికన్నా ముందు గేదె పెరుగు: మట్టి చట్టిలో కత్తితో కోసేంత గట్టిగా ఉంటుంది, పైన కితుల్ పానకం పోస్తారు. కితుల్ అంటే జీలుగ చెట్టు.

ఆరో పని: సంచిలో ఒక జత సాక్సులు

బౌద్ధ క్షేత్రాల్లో చెప్పులు, టోపీ తీసేయాలి, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. గుళ్ళకు వెళ్ళే మనకు ఇది కొత్త కాదు. కొత్తది వేడి. అనురాధపురంలో రువన్వెలిసాయ స్తూపం చుట్టూ రాతి పరుపు. పదకొండు గంటలకు అక్కడ చెప్పులు విప్పి నిలబడ్డాను, పది అడుగులు నడిచి వేళ్ళ మీద, తర్వాత మడమల మీద, చివరికి నీడ కోసం పరుగు. పక్కనున్న స్థానికులు సాక్సులతో నింపాదిగా ప్రదక్షిణ చేస్తున్నారు. సాక్సులు వేసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. లేదా ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళండి.

బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకండి. ఇది మర్యాదకు మించిన విషయం. విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఫొటో దిగిన ఫ్రెంచి యాత్రికులకు 2012లో అక్కడి కోర్టు శిక్ష వేసింది. చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటిష్ మహిళను దేశం నుంచి పంపేశారు. మీకు అలాంటి పచ్చబొట్టుంటే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ప్రతి పౌర్ణమి సెలవు దినం, పోయ అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం షాపులు కూడా మూస్తారు. గుళ్ళు కిటకిటలాడతాయి. క్యాలెండరు చూసుకుని, కిక్కిరిసిన బస్సులకు సిద్ధపడండి. మే నెల పోయ వెసక్ (మన బుద్ధ పూర్ణిమ) అయితే మాత్రం తప్పించుకోకండి. వీధులన్నీ కాగితపు లాంతర్లు, దారిపొడుగునా అన్నదానం పందిళ్ళు, ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఆపి మరీ పెడతారు.

క్యాండీ దంత దేవాలయానికి సాయంత్రం ఆరున్నర పూజకు వెళ్ళండి, డప్పుల మోత వినాలి. బుద్ధుడి దంతాన్ని కళింగ రాకుమారి జుట్టులో దాచి తెచ్చిందని కథ. ఆమె ఊరు దంతపురం మన శ్రీకాకుళం జిల్లా దంతపురే అని కొందరు చరిత్రకారులంటారు. ఆ గుడి ముందున్న చెరువు తవ్వించింది క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ, తెలుగు మూలాలున్న నాయక వంశం వాడు. 1815లో ఇంగ్లీషు వాళ్ళు ఆయన్ను పట్టుకుని వేలూరు కోటకు పంపారు. చెరువు గట్టున కాసేపు కూర్చోండి, టికెట్ లేదు.

టికెట్ మాటొస్తే: సిగిరియ లాంటి చోట్ల విదేశీయుల టికెట్ బాగా ఎక్కువ. సార్క్ (దక్షిణాసియా కూటమి, మన దేశమూ అందులోదే) దేశాల వాళ్ళకు రాయితీ ఉంది, కానీ పాస్‌పోర్టు చూపిస్తేనే. హోటల్ లాకర్లో వదిలి వెళ్ళకండి. సిగిరియ పన్నెండు వందల మెట్లు, ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టాలి. దారిలో కందిరీగల బోర్డులుంటాయి, అరవకండి. గుహలోని బొమ్మలకు ఫొటోలు తీయకూడదు.

ఏడో పని: ఒంటి సంగతి

మలేరియా భయం లేదు, 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేనిదిగా ప్రకటించింది. డెంగీ మాత్రం ఉంది. ఆ దోమ పగలు కుడుతుంది కాబట్టి ఓడోమాస్ రాత్రికి దాచుకోకుండా పొద్దున్నే రాసుకోండి. వానల్లో అడవి దారిలో నడిస్తే జలగలు పడతాయి. పట్టి లాగకుండా గోరుతో పక్కకు నెట్టండి. నువర ఎలియ 1,800 మీటర్ల పైన ఉంది, రాత్రిళ్ళు వణికిస్తుంది, స్వెట్టర్ తప్పదు. దగ్గర్లోని సీత ఎలియలో సీతమ్మ గుడి పక్కన పారే వాగులో రాతి మీద గుంటలను హనుమంతుడి పాదాలంటారు. ఆ బండలు నాచుపట్టి జారతాయి.

సముద్రంలో ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. జెండా లేనిచోట "ఇక్కడ దిగొచ్చా అయ్యా?" అని జాలరిని అడగండి. సింహళంలో అయ్యా అంటే అన్నయ్య, అక్క అంటే అక్కే. కదిర్గామం, బుత్తల రోడ్డులో ఏనుగులు బస్సుల్ని ఆపి పళ్ళు వసూలు చేస్తాయి. మీరు పెట్టకండి, కిటికీ దించకండి.

దారిలో పలకరించి "ఈ రోజు గుళ్ళో ఏనుగుల ఊరేగింపు ఉంది, రత్నాల షాపులో ఈ రోజుకే డిస్కౌంటు" అనేవాడికి నవ్వి నమస్కారం పెట్టండి. డ్రైవరు తీసుకెళ్ళే మసాలా తోటలో చూడటం ఉచితమే, కొనేవి కాదు. కొగ్గల తీరంలో కర్రల మీద కూర్చున్న జాలర్లు ఫొటోకు డబ్బు అడుగుతారు, ముందే మాట్లాడుకోండి.

ఫోనులో మూడు నంబర్లు వేసుకోండి: పోలీసు 119, యాత్రికుల పోలీసు 1912, అంబులెన్సు 1990. ఆ 1990 సర్వీసు 2016లో భారత ప్రభుత్వ సాయంతో మొదలైంది, నడిపే పద్ధతి నేర్పింది మన 108 నడిపిన హైదరాబాదు సంస్థ జీవీకే ఈఎంఆర్ఐ. ఉచితం, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు.

చివరి రాత్రి మళ్ళీ నెగొంబోలోనే ఉండండి, కొండల మీద నుంచి నేరుగా విమానానికి పరిగెత్తొద్దు. కితుల్ పానకం సీసా కొన్నారా, దాన్ని బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో వేయండి. నా సీసా చేతి సంచిలో ఉండిపోయి సెక్యూరిటీ బల్ల దగ్గరే ఆగిపోయింది.